కత్తి పట్టిన రాణిగారు

సంక్రాంతి సెలవులకి వస్తూ మా మేనకోడలు హైదరాబాదు నుంచి ఒక పేక పట్టుకొచ్చింది. మా ఇంట్లో పేక కొత్తేమీ కాదు లెండి. పిండివంటలు అయ్యీ కాకముందే దుప్పటి పరిచి రమ్మీకి కూచునే వంశం మాది. కాని ఈ పేక తీరే వేరు. 52 ముక్కలకి బదులు 78. ఒక్కో ముక్కా అరచెయ్యి దాటి పొడుగు. ప్రతి ముక్క మీదా ఒక బొమ్మ.

"దీన్ని టారో అంటారత్తా. ఆటకి కాదు, జోస్యానికి" అంది.

"అంటే చిలక లేని చిలకజోస్యం అన్నమాట" అన్నాను. పిల్ల మూతి ముడుచుకుంది.

అందరం తలో ముక్కా తీశాం. నాకు కర్రలమోపు మోస్తూ నడుం వంగిపోయిన మనిషి వచ్చాడు. పండక్కి పాతికమందికి వండి వార్చినదాన్ని, ఆ బొమ్మకి అర్థం ఒకరు చెప్పక్కర్లేకపోయింది. తరవాత మా వదిన తీసింది. సింహాసనం మీద ఒక రాణి. కుడిచేతిలో నిటారుగా కత్తి. మేనకోడలు పెట్టెతో వచ్చిన చిన్న పుస్తకం తిరగేసింది. ఒక పేజీ దగ్గర ఆగింది. ఆగి, పుస్తకం మూసేసి, "ఇదీ... ధైర్యంగల మనిషిట అమ్మా" అంది.

పిల్ల ఆగిన తీరు నాకు నచ్చలేదు. రాత్రి అందరూ పడుకున్నాక పుస్తకం తీసి చూశాను. కత్తుల రాణికి ఎదురుగా, వైధవ్యం, స్త్రీల దుఃఖం, ఎడబాటు అని ఉంది.

మా అన్నయ్య పోయి ఆరేళ్ళయింది. వదిన ఆయన ఉద్యోగంలో చేరి, పిల్లని ఇంజనీరింగు చదివించి, ఇంటి అప్పు తీర్చింది. శుభకార్యాల్లో వెనకవరసలో కూచోమని ఆవిడకి ఎవరూ చెప్పరు. చెప్పకుండానే ఆవిడ అక్కడ కూచుంటుంది. అలాంటి మనిషి చేతికి సముద్రాలు దాటొచ్చిన అట్టముక్క కూడా ఆ మాటే అందించాలా అని నాకు ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ఈ పేక సంగతి చదవడం మొదలుపెట్టాను. అంచేత ఈ వారం నేను సమీక్షిస్తున్నది నవలా కాదు, కథల సంపుటీ కాదు. ఒక పేక. అందులోనూ ముఖ్యంగా దాని నాలుగు జాతులు.

మన పేకలో ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు ఉన్నట్టే టారోలో పాత్రలు, కత్తులు, కర్రలు, కాసులు అని నాలుగు. ఒక్కో జాతికి ఆసు నుంచి పది దాకా పది ముక్కలు, ఆపైన సేవకుడు, రౌతు, రాణి, రాజు, వెరసి 14. నాలుగు జాతులూ కలిపితే 56. ఇవిగాక మృత్యువు, సూర్యుడు, అదృష్టచక్రం వంటి పెద్ద బొమ్మలు 22. ఇప్పటి పుస్తకాల ప్రకారం పాత్రలంటే నీరు, అంటే హృదయం, ప్రేమ. కత్తులంటే గాలి, అంటే బుద్ధి, కలహం. కర్రలంటే నిప్పు, అంటే పూనిక, ఉత్సాహం. కాసులంటే భూమి, అంటే డబ్బు, ఇల్లు, ఒళ్ళు. వినడానికి ఎంత బావుందో చూడండి. పంచభూతాల్లో ఆకాశం ఒక్కటే తక్కువ. అందుకే మనవాళ్ళు వినగానే "ఆహా, మన పెద్దలు చెప్పిందే కదా" అని తలాడిస్తారు.

ఇక్కడే కాస్త ఆగాలి. ఈ అర్థాలు ఏ గుహలోనూ తాళపత్రాల్లో దొరికినవి కావు. టారో పుట్టింది ఉత్తర ఇటలీలో, సుమారు 1440 ప్రాంతంలో. పుట్టింది కూడా ఆటగానే. మిలాను, ఫెరారా ప్రభువులు బంగారు పూతతో ముక్కలు వేయించుకుని ఆడుకునేవారు. నాలుగు జాతులు అంతకన్నా పాతవి. మమ్లూకు సుల్తానులు ఈజిప్టును ఏలిన కాలపు పేక ఒకటి ఇస్తాంబుల్లో తోప్‌కాపి మ్యూజియంలో ఉంది. అందులోనూ ఇవే నాలుగు: పాత్రలు, కాసులు, కత్తులు, కర్రలు. ఆ కర్రలు మామూలు కర్రలు కావు, గుర్రాల మీద ఆడే పోలో కర్రలు. యూరపువాళ్ళు ఆ ఆట అప్పటికి ఎరగరు కనక అవి ఉత్త దుడ్డుకర్రలైపోయాయి. నిప్పుకీ పూనికకీ గుర్తని ఇవాళ చెబుతున్న కర్ర ఒకప్పుడు బంతి కొట్టే కర్ర సుమండీ!

ఆ బంధుత్వం మన నోళ్ళలోనూ ఉంది. ఇటలీ భాషలో 'స్పాదె' అంటే కత్తులు. అదే తిరిగి తిరిగి మన 'ఇస్పేటు' అయింది. 'కళావరు' డచ్చివాళ్ళ మాట. మూడాకుల మొక్కని వాళ్ళు 'క్లావర్' అంటారు. బందరులో వాళ్ళు వర్తకం చేసిన రోజులకి ఆ మాట ఒక గుర్తు. ఇక టారోలో ఆ 22 పెద్ద బొమ్మల్నీ ఇటలీవాళ్ళు మొదట 'త్రియోంఫి', అంటే విజయాలు, అనేవారు. అది డచ్చిలో 'త్రూఫ్' అయి, మన దగ్గర 'తురుపు' అయింది. మా తాతగారు తురుపు కొట్టినప్పుడల్లా తెలీకుండానే టారో మాట పలికేవారన్నమాట. ఆయనకి మాత్రం అందులో ఏ రహస్యమూ కనపడేది కాదు. అవతలివాడి బేడ కనపడేది.

మరి రహస్యం ఎప్పుడు చేరింది? 1781లో. కూర్ ద జెబ్లాన్ అనే ఫ్రెంచి పండితుడు, ఈ పేక ప్రాచీన ఈజిప్టు జ్ఞానమని రాశాడు. అప్పటికి ఈజిప్టు బొమ్మల లిపిని చదవగలిగిన వాళ్ళే లేరు. షాంపోలియన్ దాని చిక్కు విప్పింది 1822లో. అడిగేవాళ్ళు లేనప్పుడు చెప్పేవాళ్ళకి సుఖమే కదా! ఈ పండితుడి లెక్కలో కత్తులు రాజులూ సైనికులూ, పాత్రలు పూజారులు, కాసులు వర్తకులు, కర్రలు రైతులు. మనకి బాగా తెలిసిన నాలుగు మెట్లే. తరవాత 1850ల్లో ఎలిఫాస్ లెవీ అనే మరో ఫ్రెంచాయన ఈ పేకకి యూదుల మార్మిక విద్యతో ముడిపెట్టాడు. 1888లో లండనులో మొదలైన 'గోల్డెన్ డాన్' అనే రహస్య సమాజంవారు నీరూ నిప్పూ గాలీ మట్టీ పంపకాన్ని స్థిరపరిచారు. రైతు చేతి కర్ర నూరేళ్ళు తిరిగేసరికి నిప్పుకర్ర అయింది.

అయితే ఈ అర్థాలన్నీ బూటకం అంటావా అని మీరు అడగచ్చు. అననండీ. ఏ గుర్తుకైనా అర్థం మనిషి ఇచ్చేదే. బొట్టుకి ఎవరిచ్చారు? గాజులకి ఎవరిచ్చారు? పూలకి ఎవరిచ్చారు? కాకపోతే ఆకాశం నుంచి ఊడిపడిందనుకున్న అర్థానికి తలవంచుతాం. ఫలానా మనిషి ఫలానా ఏడు ఇచ్చాడని తెలిస్తే "ఎందుకిచ్చావు నాయనా?" అని అడగగలుగుతాం. అంతే తేడా. కాని ఆ తేడా చిన్నది కాదు.

ఇప్పుడు ఈ పేక రచయిత్రి దగ్గరకొద్దాం. అవును, రచయిత్రే అంటాను. 1909 డిసెంబరులో లండనులో రైడర్ అనే ప్రచురణ సంస్థ దీన్ని వెలువరించింది. ఆలోచన ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే ఆయనది. బొమ్మలన్నీ వేసింది పామెలా కోల్మన్ స్మిత్. 1878లో లండనులో పుట్టి, చిన్నతనంలో కొన్నాళ్ళు జమైకాలో పెరిగి, న్యూయార్కు బ్రూక్లిన్‌లోని ప్రాట్ విద్యాలయంలో చిత్రలేఖనం నేర్చుకుంది. లండను నాటకశాలలతో దగ్గరి సంబంధం. జమైకాలో విన్న అనాన్సీ అనే జిత్తులమారి సాలీడు కథల్ని 1899లో పుస్తకంగా తెచ్చింది. న్యూయార్కులో స్టీగ్లిట్జ్‌గారి గాలరీ అంతదాకా ఫోటోల ప్రదర్శనలకే పరిమితం. 1907లో అక్కడ ఈవిడ బొమ్మలు పెట్టారు.

అంతకుముందు చాలా టారోల్లో చిన్న ముక్కల మీద కథ ఉండేది కాదు. అయిదు పాత్రలంటే అయిదు పాత్రలే, మన ఆటీను అయిదులాగా. సోలా బుస్కా అని 15వ శతాబ్దం చివరి ఇటలీ పేక ఒకదానిలో మాత్రం చిన్న ముక్కలకీ బొమ్మలున్నాయి. వాటి ఫోటోలు 1907లో బ్రిటిష్ మ్యూజియానికి వచ్చాయి. మూడు కత్తులు గుచ్చుకున్న గుండె రెండింట్లోనూ ఉంది కనక పామెలా అవి చూసిందనే అనుకోవాలి. కాని తక్కినవాటిలో ఎక్కువ ఆవిడ ఊహే. ఒక్కో ముక్కా ఒక చిన్న రంగస్థలం. తెర లేచింది, మనిషి నిలబడ్డాడు, ఏదో జరగబోతోంది. నాటకాల మధ్య తిరిగిన చెయ్యి అని తెలిసిపోతుంది.

ఇంత పనీ కొన్ని నెలల్లో చేసి, చాలా పెద్ద పని చాలా కొద్ది డబ్బుకి చేశానని ఆ ఏడు నవంబరులో స్టీగ్లిట్జ్‌గారికి ఉత్తరం రాసుకుంది. 1951లో కార్న్‌వాల్‌లోని బ్యూడ్ అనే ఊళ్ళో అప్పులతోనే కన్నుమూసింది. పేక మాత్రం చాలాకాలం రైడర్ పేరుతో, వెయిట్ పేరుతో చలామణీ అయింది. ముక్క మూలన మెలికలు తిరిగిన పొడి అక్షరాలే ఆవిడకి మిగిలాయి. నూరేళ్ళ సందర్భంగా 2009లో వచ్చిన ముద్రణకి 'స్మిత్-వెయిట్' అని ఆవిడ పేరు ముందు పెట్టారు. వండినావిడ పేరు విందు అయిన నూరేళ్ళకి గుర్తొచ్చింది.

సరే, ఇక బొమ్మలు చూద్దాం. పుస్తకం చెప్పే జాతుల అర్థాలకీ, ఆవిడ గీసిన బొమ్మలకీ పొత్తు కుదిరిందా అన్నదే నా ప్రశ్న.

పాత్రలు హృదయం కదా. కన్నీళ్ళూ అలకలూ ఆడవాళ్ళ సొత్తని లోకం అనుకుంటుంది కనక అక్కడ అంతా ఆడవాళ్ళే ఉంటారనుకున్నాను. తీరా చూస్తే చెట్టుకింద చేతులు కట్టుకుని కూచుని, మబ్బులోంచి ఒక చెయ్యి పాత్ర అందిస్తున్నా కన్నెత్తి చూడనివాడు మగవాడు. ఎనిమిదింటిలో పేర్చిన పాత్రలన్నీ వెనక వదిలేసి కొండదారి పట్టి పోతున్నవాడూ మగవాడే. ఒలికిపోయిన మూడు పాత్రల్ని చూస్తూ నల్ల ముసుగులో నిలబడ్డ మనిషికి వెనకనున్న రెండు నిండు పాత్రలు కనపడవు. మరి ఆడవాళ్ళో? మూడు పాత్రల ముక్కలో ముగ్గురు అమ్మాయిలు పాత్రలెత్తి నాట్యం చేస్తున్నారు! 

ఆడవాళ్ళు ఇంకెక్కడ కనపడతారో తెలుసా? కత్తుల్లో. అంటే బుద్ధి జాతిలో. రెండింటిలో కళ్ళకి గంతలు కట్టుకుని, రెండు కత్తులు గుండెలమీద అడ్డంగా పట్టుకుని, ఎటూ తేల్చుకోలేక కూచున్న స్త్రీ. ఆరింటిలో ముసుగేసుకుని బిడ్డతో పడవలో అవతలి ఒడ్డుకి పోతున్న తల్లి. ఎనిమిదింటిలో కట్లు కట్టి కత్తుల మధ్య నిలబెట్టిన స్త్రీ. జాగ్రత్తగా చూడండి, కాళ్ళకి కట్లు లేవు, ముందుపక్క కత్తులూ లేవు. తొమ్మిదింటిలో అర్ధరాత్రి పక్కమీద లేచి కూచుని మొహం చేతుల్లో దాచుకున్న మనిషిని వెయిట్‌గారు కూడా స్త్రీ అనే రాశారు.

ఈ ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఈ ఇల్లాలు మనందరికీ తెలుసు. గాసు కట్టేశానా, ఫీజు గడువు ఎప్పుడు, ఆయన దగ్గు తగ్గదేం, అమ్మాయి గొంతు ఫోనులో అలా ఉందేం? పక్కవాడు గుర్రుపెడుతుంటే ఇవన్నీ లెక్క వేసేది ఈవిడే. పొద్దున్నే చెబితే "నీకు అన్నీ పిచ్చి భయాలు" అంటారు. పామెలా ఆ మనిషిని పాత్రల్లో పెట్టలేదు, కత్తుల్లో పెట్టింది. జాతి పద్ధతిగా అలా పడిందో, తెలిసే పెట్టిందో నేను చెప్పలేను. కాని ముక్క చెబుతున్నది మాత్రం స్పష్టం. రాత్రి నిద్రపట్టనిది బుద్ధి పనిచేస్తున్నందుకు. మన దిగుల్ని ఆలోచన కింద లెక్కకట్టిన చోటు నాకు ఇంకెక్కడా ఎక్కువ కనపడలేదు.

కాసుల్లో ఇంకో స్త్రీ ఉంది, తొమ్మిదింటిలో. పండిన ద్రాక్షతోటలో, చేతిమీద డేగతో, ఒంటరిగా, హాయిగా నిలబడింది. భర్త ఏడని గాని, పిల్లలెందరని గాని ముక్క అడగదు. కాసులంటే భర్త జీతం అనుకునే ఇళ్ళల్లో ఈ ముక్క అద్దాలబీరువాకి అంటించుకోదగ్గది.

అయితే లోపాలు లేవా? ఉన్నాయి. కర్రల జాతి నాకు పేలవంగా తోచింది. నల్లపిల్లిని పక్కన పెట్టుకున్న రాణిగారిని మినహాయిస్తే అక్కడ ఆడవాళ్ళు దూరాన చుక్కల్లా కనపడతారు. తక్కినవాళ్ళు కర్రలు పట్టుకు నిలబడ్డమే. పూనిక, ఉత్సాహం మగవాళ్ళవేనా ఏమిటి? పది కత్తులు వీపున గుచ్చుకుని పడివున్న మనిషి ముక్కయితే చౌకబారు నాటకంలో ఆఖరి రంగం. జమైకా కథలు చెప్పిన మనిషి అయ్యుండీ జనమంతా పాత యూరపు కోటల్లోవాళ్ళే కావడం మరో వెలితి.

ఇక అసలు తగువుకి వస్తాను. వెయిట్‌గారు తన పుస్తకంలో పాత్రల రాణికి ఏం రాశారో తెలుసా? మంచి భార్య, మంచి తల్లి అని. కత్తుల రాజుకి? న్యాయం, అధికారం, చట్టం అని. అదే కత్తి రాణి చేతికొచ్చేసరికి వైధవ్యం, స్త్రీల దుఃఖం! రాజు పట్టుకుంటే న్యాయమైన కత్తి, రాణి పట్టుకుంటే మొగుడు పోయినట్టు గుర్తా? ఆడదాని చేతిలో కత్తి ఉందంటే ఏదో పోగొట్టుకునే ఉండాలి తప్ప, దానంతట అది పట్టుకోవడం వీళ్ళ ఊహకి అందలేదు. పాత జోస్యగాళ్ళ అర్థాన్ని ఆయన దులిపి చూడకుండా ఎత్తి రాసుకున్నారు.

బొమ్మ పక్కన పెట్టి చూడండి. రాజుగారి కత్తి కాస్త పక్కకి వాలి ఉంటుంది. రాణిగారిది నిటారు. రాణి ఏడవడం లేదు, తల వంచుకోలేదు, వెనకవరసలోనూ లేదు. మబ్బులు ఆవిడ సింహాసనం కిందుగా ఉన్నాయి, పైన ఒక్క పక్షి ఎగురుతోంది. పుస్తకం చెప్పింది ఒకటి, గీసిన చెయ్యి చెప్పింది మరొకటి. విమర్శకురాలిగా నా తీర్పు బొమ్మవైపే.

జోస్యం మాటంటారా? చిలక తీసిన ముక్కకి ఎంత భవిష్యత్తు తెలుసో దీనికీ అంతే తెలుసు. ఇప్పుడు ఫోనుల్లో గంటగంటకీ ముక్కలు పరిచి, మీ మనసులో ఉన్న మనిషి ఏమనుకుంటున్నాడో చెబుతామనేవాళ్ళున్నారు. వాళ్ళకి డబ్బు కట్టే బదులు ఆ మనిషినే అడగడం చవక. బొమ్మల పుస్తకంగా చూస్తే మాత్రం ఈ పేక దాచుకోదగ్గది.

మర్నాడు పొద్దున్న వదిన కాఫీ పట్టుకొచ్చింది. ఆ ముక్క ఇంకా నా బల్లమీదే ఉంది. తీసి కిటికీ దగ్గర చూసింది.

"ఎడంచెయ్యి ఇలా చాపిందేమిటో? వచ్చినవాణ్ణి ముందు చెప్పుకోమంటోంది కాబోలు. మా ఆఫీసులో కౌంటరు దగ్గర నేనూ ఇంతే. కాయితం తప్పుంటే వెనక్కి పంపుతాను గాని, వినకుండా పంపను" అంది.

నేను తటపటాయిస్తూ, "పుస్తకంలో ఏం రాశారంటే వదినా..." అన్నాను.

"నిన్న పిల్ల మొహం చూస్తే తెలీలేదూ? దానికోసం పుస్తకం ఎందుకమ్మా, నాకు తెలీని సంగతా?" అంది నవ్వుతూ. ముక్కని ఇంకా దగ్గరగా పెట్టుకుని, "ఇదిగో, కిరీటం మీద సీతాకోకచిలకలున్నాయి చూశావా?" అంది.

రాత్రంతా ఆ బొమ్మ చూశాను. సీతాకోకచిలకల్ని చూడలేదు.